ఒక సూత్ తక్కువ తలుపు

నేను సూరత్‌లో ముప్పై నాలుగేళ్ళు జాబర్ పని చేశాను. పవర్‌లూమ్‌ను మా వాళ్ళు సాంచా అంటారు. సాంచా ఆగిపోతే దాని కడుపులో చెయ్యి పెట్టి, ఎక్కడ ఏది జారిందో, ఏది అరిగిందో చూసి మళ్ళీ నడిపించేవాడే జాబర్. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. అందులో ఎక్కువ కాలం జోల్వాలో ఒకే షెడ్డులో గడిచింది. అక్కడ నలభై ఎనిమిది సాంచాలుండేవి. ఏది ఏ చప్పుడు చేస్తే దానికి ఏం కావాలో దూరం నుంచే చెప్పగలిగేవాణ్ణి.

మొన్నటి ఏడాది మా సేఠ్ ఆ షెడ్డులోకి నీళ్ళతో నడిచే కొత్త మిషన్లు తెప్పించాడు. పాత సాంచాలన్నీ భేస్తాన్‌లోని ఒక భంగార్ వాడకు, అంటే పాత ఇనుము కొనే చోటుకు పోయాయి. పగలగొట్టే ముందు మోటార్లు, బేరింగులు విప్పి తియ్యడానికి వారం రోజులు నన్ను అక్కడికి పంపాడు. మా ఇల్లు కూడా భేస్తాన్‌లోనే. ఇంటి నుంచి నడిచి పోయేంత దూరం.

సాంచా పక్క ఫ్రేములు బీడువి. బీడంటే పోత ఇనుము, కరిగించి ఇసుక అచ్చులో పోసింది. అది వంగదు, సాగదు. ఎంత బరువైనా మోస్తుంది కానీ దెబ్బ గట్టిగా తగిలితే మట్టికుండలా పగులుతుంది. భంగార్ వాడలో ఇద్దరు మనుషులు పెద్ద సుత్తులతో ఆ ఫ్రేములను ముక్కలు చేసి, మళ్ళీ కరిగించడానికి పంపుతుంటారు. మొదటి రెండు రోజులు నేను విప్పుతూనే ఉన్నాను, వాళ్ళు కొడుతూనే ఉన్నారు. నేను నూనె పోసి పెంచిన సాంచాలవి. ప్రతి దెబ్బకూ తల తిప్పుకోవడం తప్ప ఏం చెయ్యలేకపోయాను.

మూడో రోజు పొద్దున, సుత్తి మనిషి ఇంకో కుప్ప వైపు నడిచాడు. అది మా షెడ్డు సామాను కాదు. పాత బస్తీలో నది ఒడ్డున ఎవరిదో పెద్ద ఇల్లు కూలగొడితే వచ్చిన ఇనుమట. కిటికీ ఊచలు, మెట్ల కటకటాలు, వాటి కింద నల్లటి పెద్ద పెట్టె లాంటిదేదో ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని కాలు ఒకటి నా వైపు ఉంది. సింహం పంజా. గోళ్ళు, గోళ్ళ మీది చర్మం మడత, వేళ్ళ మధ్య వెంట్రుకలు కూడా ఉన్నాయి. అంత బరువు మోసే కాలికి వెంట్రుకలు చెక్కాలని ఎవరికి తోచిందో నాకర్థం కాలేదు. సుత్తి పైకి లేచింది.

"రుకో భాయ్!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను సుత్తి దించి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. నేను పోయి ఆ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాను. భంగార్ యజమాని వచ్చి ఏమైందన్నాడు. ఇది నాకియ్యండన్నాను. ఏం చేసుకుంటావన్నాడు. నాకూ తెలియదన్నాను. ఆయన నవ్వాడు. మోటార్లు విప్పడం అయ్యాక ఇంకో నాలుగు రోజులు తన దగ్గరున్న వేరే మిషన్లు కూడా విప్పిపెడితే తీసుకుపొమ్మన్నాడు. సరేనన్నాను.

టెంపోలోంచి ఇంటి ముందు దింపడానికి ఆరుగురు మనుషులు పట్టారు. మా ఆవిడ ఇంట్లో చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. జిగురు గోరు మీద ఆరుతుండగానే బయటికి వచ్చింది.

"గిదేంది? షెడ్డుల ఇనుము సాలలేదా, ఇంటికి గూడ మోసుకొచ్చినవ్?"

"పగలగొడుతుండ్రు. సూడలేక తెచ్చిన."

"ఏందో తెల్వకుండనే తెచ్చినవా?"

"మిల్లుల బాయిలరో ఏదో అయుంటది."

ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ముందు పెద్ద తలుపులు రెండు, పక్కన చిన్న తలుపొకటి, అడుగున ఇంకా చిన్నదొకటి ఉన్నాయి. పైన మందపాటి పలక. ఆ పలక మీద రంగు, తుప్పు కలిసి గట్టిపడి చదునుగా కనిపిస్తోంది. ఆమె చీపురు పుల్లతో ఒకచోట గీకింది. గుండ్రటి గీత బయటపడింది. ఇంకో చోట గీకితే ఇంకో గుండ్రం. తర్వాత పక్క తలుపు లాగి, వంగి, తల లోపల పెట్టి వాసన చూసింది.

"బాయిలర్ లేదు గియిలర్ లేదు. ఇది పొయ్యి."

"ఇంత పెద్ద పొయ్యా?"

"సూడు, గీ చిన్న తలుపుల కట్టెలో బొగ్గో ఏస్తరు. పైన గీ గుండ్రాలు మూతలు. మూత తీస్తే మంట మీదికే గిన్నె. నాలుగు గిన్నెలు ఒక్కపారే పెట్టచ్చు. లోపల మసి వాసన ఇంక పోలే."

"మరి గా పెద్ద తలుపులు?"

ఆమె తెరిచి చూసింది. లోపల ఖాళీ అర. మసి లేదు. "గిది నాకు గూడ తెల్వదు" అంది. నేను ముప్పై ఏళ్ళు ఇనుముతో బతికాను, ఆమె చిన్నప్పుడు పదేళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ఆ వస్తువేదో ఆమెకే ముందు తెలిసింది.

ఆ రోజు నుంచి అది మా పనైంది. కొత్త మిషన్లకు కంపెనీ మెకానిక్కులు వచ్చారు కాబట్టి సేఠ్ నన్ను వారానికి రెండు రోజులే పిలుస్తున్నాడు. మిగతా రోజులు దాని ముందే కూర్చునేవాణ్ణి. కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు, పాత చీర ముక్కలు, ఇవే నా సామాను. పైన తెల్ల రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద బూడిద రంగు, అన్నిటి కింద తుప్పు. వేలి వెడల్పు చోటు శుభ్రం చెయ్యడానికి ఒక పూట పట్టేది.

అలా వేలి వెడల్పు చొప్పున ఒక తీగ బయటికి వచ్చింది. పెద్ద తలుపు కింది మూల నుంచి మొదలై మెలికలు తిరుగుతూ పైకి పాకింది. తీగకు ఆకులు, ఆకులకు ఈనెలు. ఒక ఆకు కొస మడత పడి ఉంది, పురుగు తిన్నట్టు చిన్న తొర్ర. నేను ఆ తొర్రను తుప్పు తిన్న చోటనుకుని సూదితో శుభ్రం చేస్తే చుట్టూ అంచు కనిపించింది. కావాలని చేసిందే. పురుగు తిన్న ఆకును ఇనుములో పోసిన మనిషి ఎలాంటివాడై ఉంటాడని చాలాసేపు చేతిలో బ్రష్షు పట్టుకుని కూర్చుండిపోయాను.

కట్టెలు వేసే చిన్న తలుపు పైన ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. కంపెనీ పేరును తుప్పు తినేసింది. ఊరి పేరులో చివరి నాలుగు అక్షరాలు మిగిలాయి. మా అల్లుడు అడాజన్‌లో ఒక ఆఫీసులో పని చేస్తాడు, అతను ఫోన్‌లో వెతికి, బహుశా స్కాట్లాండ్‌లో ఊరై ఉంటుందని, అక్కడ ఇలాంటి పొయ్యిలు చాలా పోసేవారని, నూరేళ్ళకు పైబడినదే అయి ఉండాలని చెప్పాడు. ఆ పెద్ద అర రొట్టెలు, మాంసం కాల్చడానికట. అంతవరకు తెలిసింది. కానీ మంటే చేరని అరలో రొట్టె ఎలా కాలుతుందో మాత్రం అల్లుడికీ తెలియలేదు.

అదీ మా ఆవిడే కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం దేవుడి దగ్గర నుంచి అగరొత్తుల కట్ట తెచ్చి, అన్నీ ఒకేసారి ముట్టించి, మంట పెట్టే చోట నిలబెట్టింది.

"నీ దగ్గర సాంచాల దుమ్ము తీసే బ్లోవర్ ఉన్నది గదా. దాన్ని ఎనక పొగ బొక్కకు పెట్టి లాగిపియ్యి జర."

నేను పెట్టాను. ఆమె పైన ఒక్కో మూత తీసి, ఫోన్ వెలుగు వేసి చూస్తూ పోయింది. పొగ మంట గది నుంచి పెద్ద అర నెత్తి మీదుగా పాకింది. అవతలి గోడ దగ్గర ఉన్న సన్నటి సందులో కిందికి దిగింది. నేను అడుగునున్న చిన్న తలుపు తెరిచాను. పొగ అక్కడికి వచ్చింది! అర కింద నుంచి మెల్లగా వెనక్కి జరిగి, అప్పుడు పొగ బొక్కలోకి ఎక్కింది. అంటే మంట వేడి అంతా ఆ అరను నెత్తిన, పక్కన, కాళ్ళ కింద చుట్టుకుని, తన పని పూర్తి చేశాకే బయటికి పోతుంది.

మా ఆవిడ నేల మీద కూర్చుండిపోయింది. "మా అమ్మ కండ్లల్లకు పొగ వొయ్యి వొయ్యి సగం సూపు పోయింది" అంది. "గీ పొయ్యి చేసినోడు పొగతోని గూడ పని చేపిచ్చుకున్నడు."

అగరొత్తుల వాసన ఇంకా వెనక పొగ బొక్క నుంచి వస్తోంది.

ఆ పొగ దారులన్నీ మసితో పూడి ఉన్నాయి. శుభ్రం చెయ్యాలంటే పైపలక తియ్యాలి. నాలుగు బోల్టులు. మూడు కిరసనాయిలుకు లొంగాయి. నాలుగోది నాలుగు రోజులు నానినా కదల్లేదు. మా ఆవిడ, "ఇంకో వారం నాననియ్యరాదు, ఏం కొంపలు మునిగినయి?" అంది. నేను సరేనన్నాను. ఆమె చీరల కట్ట ఇచ్చి రావడానికి పోయింది. పలక కింద సమ్మెట పిడి దూర్చి, కొంచెం ఎత్తి చూద్దామనుకున్నాను. కొంచెమే.

'టప్' అంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. బీడు పగిలిన చప్పుడు. పలక బోల్టు దగ్గర నుంచి మూత గుండ్రాల మీదుగా అవతలి అంచు దాకా రెండుగా విడిపోయింది. ముప్పై నాలుగేళ్ళు నేను నా కింద పని నేర్చుకున్నవాళ్ళందరికీ చెప్పిన మాట ఒక్కటే, బీడు దగ్గర తొందర పనికి రాదని. నూరేళ్ళు ఎన్ని చేతులు మారిందో, ఎన్ని వంటలు చూసిందో, కూలిన ఇంటి కింద పడి కూడా పగలని పలక నా చేతిలో పగిలింది. సుత్తి మనిషిని ఆపిన నేనే పగలగొట్టాను.

మా ఆవిడ వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. పగులు మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపి, "అతుకుతదా?" అంది.

ఉధనాలో ఒక చిన్న పోతఖానా ఉంది. మా సాంచాల గేర్లు విరిగితే కొత్తవి అక్కడే పోయించేవాణ్ణి. దాన్ని నడిపే పెద్దాయన సూరత్‌లో పుట్టి పెరిగినవాడు. అందరూ కాకా అంటారు. డెబ్బై దాటిన మనిషి. గుజరాతీ, హిందీ కలిపి మాట్లాడతాడు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. విషయం చెబితే, ముక్కలు తీసుకు రమ్మనలేదు. పొయ్యి చూడాలని స్కూటర్ మీద తనే వచ్చాడు.

వచ్చి పగిలిన పలకను చూడనే లేదు. చెప్పులు విడిచాడు. గుడి ముందు విడిచినట్టు విడిచి, పెద్ద తలుపుల ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి, వేళ్ళతో ఎడమ తలుపు మీది తీగను కింది నుంచి పై దాకా తడిమాడు. తర్వాత కుడి తలుపు. మళ్ళీ ఎడమది. జేబులోంచి ఉక్కు స్కేలు తీసి రెండు తీగలనూ మొదలు నుంచి కొస దాకా కొలిచాడు. కొలిచి నవ్వాడు.

"భాయ్, ఈ రెండు తలుపులూ ఒకటి కాదు."

"ఎందుకు కాదు కాకా? అవే ఆకులు, అదే తీగ."

"ఎడమ తీగ అడుగు పొడవు. కుడిది అడుగుకు ఒక సూత్ తక్కువ."

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మన వడ్రంగులు నూలు అంటారు. హిందీలో సూత్ అన్నా నూలే. మా నేత కులానికి అన్నం పెట్టిన మాట, ఆ మనిషి నోట ఇనుము కొలతగా వినిపించేసరికి నాకు నవ్వొచ్చింది.

"బీడు కరిగినప్పుడు ఉబ్బుతుంది, చల్లారితే కుంచించుకుపోతుంది" అన్నాడు కాకా. "అడుగుకు ఒక సూత్. పోత నేర్చుకునేవాడికి మొదటి పాఠం ఇదే. ఎడమ తలుపు విలాయతీది. కుడి తలుపు ఎప్పుడో పగిలింది. ఎవడో ఆ పగిలిన ముక్కలనే కలిపి ఇసుకలో ఒత్తి, ఆ గుంటలో కొత్తది పోశాడు. అందుకే ఒక సూత్ తగ్గింది. ఇది తల్లి, ఇది బిడ్డ."

నేను వంగి చూశాను. పురుగు తిన్న తొర్ర కుడి తలుపు మీద కూడా ఉంది.

"తగ్గితే తలుపు సందు పడాలి కదా కాకా? ఇది సరిగ్గా మూసుకుంటోంది."

"మూసుకుంటుంది. ఇక్కడ చూడు." కబ్జాల వైపు, అంటే మడతబందుల వైపు అంచు మీద ఆయన గోరు పెట్టాడు. అక్కడ సన్నటి పట్టీ అదనంగా ఉంది. ఎడమ తలుపుకు లేదు. "తగ్గుతుందని వాడికి తెలుసు. ముందే లెక్క కట్టి ఇంత అంచు కలిపాడు. తలుపు వెనక్కి తిప్పు."

కబ్జా పుల్లలు లాగి తలుపు తిప్పి నేల మీద పడుకోబెట్టాం. వెనక అంతా గరుకుగా ఉంది. ఒక మూల ఏదో గీత, ఏ భాషదో తెలియని అక్షరంలా. కాకా మా ఆవిడను, "బేన్, అద్దం ఉందా?" అని అడిగాడు. ఆమె గోడ మీది అద్దం మేకు నుంచి తీసి తెచ్చి తలుపు పక్కన పట్టుకుంది.

అద్దంలో గుజరాతీ 'ర' కనిపించింది.

"ఇసుకలో సూటిగా రాస్తే ఇనుములో తిరగబడి వస్తుంది" అన్నాడు కాకా. "వాడు పుల్లతో ఇసుకలో తన అక్షరం గీశాడు. పైన కాదు, ఎవరూ చూడని వెనక వైపు. ఇంటివాళ్ళకు ఇది విలాయతీ పొయ్యే. వాళ్ళకు తేడా తెలియనే ఉండదు."

ఆ మనిషి ఎవరో మాకు తెలియదు. కాకాకూ తెలియదు. ఈ ఊళ్ళోనే ఎక్కడో, కరెంటు లేని కాలంలో, సముద్రం అవతలి పనివాడి పనిని చూసి, పురుగు తొర్రతో సహా చేతిలోకి తెచ్చుకున్న ఒకడు. మా ఆవిడ అద్దం దించలేదు. చేతులు నొప్పి పెట్టేదాకా అలాగే పట్టుకుని చూసింది.

తర్వాతే కాకా పగిలిన పలకను చూశాడు. అతుకు పెట్టవచ్చు కానీ రోజూ మంట మీద ఉండే పలకకు అతుకు నిలవదన్నాడు. "వాడు చేసిన పనే మనమూ చేద్దాం" అన్నాడు.

గురువారం నాడు ఆ పోతఖానాలో కొలిమి ముట్టిస్తారు. ఆ రోజు పొద్దున్నే ఇద్దరం పోయాం. ఇన్నేళ్ళూ నేను అక్కడికి విరిగిన గేరు ఇచ్చి, కొత్త గేరు తీసుకుని వచ్చేవాణ్ణి తప్ప, పోత పొయ్యడం ఎప్పుడూ నిలబడి చూడలేదు. కాకా పలక ముక్కలు రెండూ మైనంతో అంటించాడు. పలక రెండడుగుల పొడవు కాబట్టి చుట్టూ రెండు సూత్‌లకు సరిపడా తోలు పట్టీలు అతికించాడు. చెక్క పెట్టెలో పలక బోర్లించి, నల్లటి ఇసుక జల్లెడ పట్టి పోశాడు. ఆ ఇసుకలో కలపడానికి పక్కన బకెట్లో చిక్కటి గోధుమ రంగు నీళ్ళున్నాయి.

మా ఆవిడ వేలు ముంచి వాసన చూసింది. "బెల్లం!"

"బెల్లమే బేన్. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి కదా. ఇనుముకూ తీపి కావాలి."

ఇసుకను గుప్పిట్లో పట్టి పిసికి, విప్పి చూశాడు. వేళ్ళ ముద్రలు చెరగకుండా ముద్ద నిలిచింది. అప్పుడు గట్టిగా దంపాడు. పెట్టె తిరగేసి, రెండో సగం పెట్టి, మళ్ళీ దంపి, రెండూ విడదీశాడు. పలకను మెల్లగా తట్టి పైకి ఎత్తాడు. ఇసుకలో పలక లేదు, పలక ఉండాల్సిన ఖాళీ ఉంది. నాలుగు గుండ్రాలు, అంచు మీది చిన్న పూలు, నేను పగలగొట్టిన బోల్టు చోటు, అన్నీ ఖాళీగా అక్కడే ఉన్నాయి. ఒక పూరేకు అంచు రాలితే కాకా నోటితో ఊది, చెంచా కొసతో దాన్ని మళ్ళీ కట్టాడు. ఆయన చెయ్యి వణుకుతుంది, టీ గ్లాసు పట్టుకుంటే ఒలుకుతుంది. ఇసుక మీద మాత్రం వణకలేదు.

కొలిమి పక్కన కరిగించే ఇనుము కుప్ప ఉంది. అందులో ఒక ముక్క మీద తెల్ల రంగుతో '31' అని ఉంది. నా రాతే. మా షెడ్డులో ముప్పై ఒకటో సాంచా. నేను దాన్ని తీసి కాకాకు చూపించాను. ఆయన అందుకుని, మిగతా ముక్కలతో పాటు కొలిమిలో వేశాడు.

మధ్యాహ్నానికి ఇనుము నీళ్ళయింది. ఇద్దరు మనుషులు పొడుగు కర్రల మధ్య గిన్నె పట్టుకుని వచ్చారు. అందులో ఉన్నదాన్ని ఎర్రగా ఉందనలేను. మధ్యాహ్నపు సూర్యుణ్ణి చూసినట్టు కళ్ళు మూతపడ్డాయి. అచ్చు పైనున్న రంధ్రంలోకి పోస్తుంటే చప్పుడే లేదు. ఇంత బరువైన వస్తువు పాలలా దిగిపోయింది. రెండో రంధ్రంలో ఇనుము పైకి కనిపించగానే కాకా చెయ్యెత్తాడు, వాళ్ళు ఆపేశారు. ఇసుక సందుల్లోంచి నీలం మంటలు చిన్న చిన్నగా లేచి ఆడాయి. మా ఆవిడ తనకు తెలియకుండానే నా మోచెయ్యి పట్టుకుంది. నలుగురిలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదలు.

"తెరుస్తారా?" అన్నాను.

"రేపు" అన్నాడు కాకా. "నీ తొందరకే కదా ఇది పగిలింది."

మర్నాడు ఇసుక పగలగొట్టి తీస్తే పలక బూడిద రంగులో, గరుకుగా, ఇంకా గోరువెచ్చగా ఉంది. కాకా చిన్న సుత్తితో తట్టాడు. గంటలా మోగింది. పగులుంటే అలా మోగదు. ఇంటికి తెచ్చి పొయ్యి మీద పెడితే నాలుగు వైపులా అంచుకు అంచు కూర్చుంది. కొత్త గుండ్రాల అంచులను ఆకురాయితో కాస్త అరగదీస్తే పాత మూతలు వాటిలో తిరిగాయి. ఆ మూతలను నేను తిప్పుతూ, తీస్తూ, పెడుతూ ఎంతసేపున్నానో తెలియదు.

అప్పటి నుంచి తొందర పడలేదు. పొగ దారుల్లోని మసంతా గోకి తీసి, కాకా కొలిమి నుంచి తెచ్చుకున్న మట్టితో సందులు మెత్తాను. అచ్చులకు ఆయన పూసే గ్రాఫైట్ పొడినే అవిసె నూనెలో కలిపి పొయ్యంతా రుద్దాను. నలుపు మెరిసింది. రేకు గొట్టం ఇంటి గోడ పక్క నుంచి పైకి లేపాను. మొదటి రోజు నాలుగు పుల్లల మంట మాత్రమే. రెండో రోజు ఎనిమిది. బీడుకు వేడి మెల్లగా అలవాటు చెయ్యాలి. ఆదివారం నాడు కాకాను భోజనానికి పిలిచాం.

మా ఆవిడ కట్టెలు ఎగదోసి, జొన్నపిండి కలిపి, రొట్టె చేత్తో చరిచి పెనం మీద వేసింది. పక్క మూత మీద పప్పు. వెనక మూత మీద వంకాయ కూర. కూర్చుని కాదు, నిలబడి వండుతోంది. ఒక్కసారి కూడా కళ్ళు తుడుచుకోలేదు. పొగ గొట్టం పైన సన్నగా పోతోంది. పెనం మీద కాలిన రొట్టెలను పెద్ద అరలో పెట్టింది. కాసేపటికి తలుపు తీస్తే ఒక్కొక్కటి బూరెలా పొంగి ఉంది.

"అమ్మో" అంది. "కాకా, ఇటు రండి, సూడుండ్రి!"

కాకా లేచి వచ్చి అరలోకి చూశాడు. రొట్టెలను కాదు, తెరిచి ఉన్న కుడి తలుపును చూశాడు. వేడిగా ఉందని తెలిసీ అక్షరం ఉన్న చోట వేలు ఒక్క క్షణం ఆనించి తీశాడు. తర్వాత కూర్చుని మూడు రొట్టెలు తిన్నాడు. మా ఆవిడ నాలుగోది వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ చెయ్యి తీసేశాడు.

పోయేటప్పుడు స్కూటర్ మీద కూర్చుని నాతో అన్నాడు. "జాబర్ పని ఇక వారానికి రెండు రోజులే అంటున్నావు కదా. గురువారాలు ఊరికే ఉండకు. వచ్చి ఇసుక పట్టు."

"యాభై మూడేళ్ళకా కాకా?"

"ఇసుకకు నీ వయసు తెలియదు."

ఇది జరిగి ఏడాది కావస్తోంది. పొయ్యి మా ఇంటి ముందు రేకుల పంచలో ఉంది. మా ఆవిడ ఆదివారాలు, పండగలు దాని మీదే వండుతుంది. మా వైపు నుంచి వచ్చి లూమ్‌లలో పని చేస్తూ గదుల్లో ఉండేవాళ్ళు వచ్చి తింటారు. తినే ముందు ఒకరైనా తలుపు మీది ఆకులు తడిమి చూస్తారు.

నేను గురువారాలు ఉధనా పోతున్నాను. మొదటి రెండు నెలలు కాకా నాకు జల్లెడ తప్ప ఏమీ ఇవ్వలేదు. తర్వాత చిన్న గేరు ఒకటి అచ్చు కట్టనిచ్చాడు. ఇసుకలో తేమ ఎక్కువై, గాలి చిక్కుకుని, గేరంతా బుడగల గుంటలతో వచ్చింది. రెండోదానికి మూడు పళ్ళు రాలేదు. పోయిన నెల కట్టింది బాగా వచ్చింది. కాకా దాన్ని సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అమ్మే సరుకు వైపు పెట్టాడు. ఆ పూట నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను, సంతోషంతో. గుప్పిట్లో ఇసుక పట్టి చూస్తే ఎంత తేమ చాలో ఇప్పటికీ నా చేతికి పూర్తిగా తెలియదు. ప్రతి గురువారం ఆయన గుప్పిట విప్పి చూపిస్తాడు, నేను నాది విప్పి పక్కన పెట్టి చూసుకుంటాను.